సినిమాలో ఆగని బస్సు

ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు నడిపేవాణ్ణి చూసి మిగతా డ్రైవర్లు కాస్త కుళ్ళుకుంటారు. టిక్కెట్ల గోల లేదు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ రోజూ అవే ముఖాలు, దారి అదే, దారిలో గోతులు కూడా అవే. పోర్టు రోడ్డులో లారీలు తోలి తోలి, నడుం పట్టేసి, చివరికి ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నేను కూడా గట్టెక్కాననే అనుకున్నాను. ఇప్పుడు ఆ సీట్లో కూర్చుంటున్న కుర్రాళ్ళు టీ బడ్డీ దగ్గర కనిపించినప్పుడు అడుగుతుంటారు, "ఏటి బాబాయ్, మీ సర్వీసులో పెద్ద యాక్సిడెంటేదైనా సేసినారా" అని. చెయ్యలేదు. నా సర్వీసులో నన్ను కుదిపేసింది యాక్సిడెంటు కాదు, ఒక సినిమా. ఆ మాటంటే వాళ్ళు నవ్వుతారు. అందుకే రాస్తున్నాను. చదివి నవ్వినా నాకు వినపడదు కదా.

మాది గాజువాక దాటాక వచ్చే ఒక ప్రైవేటు ఇనుప ఫ్యాక్టరీ. కడ్డీలు తీస్తారు. గేటు దగ్గర్నుంచి హైవే దాకా కంపెనీ వేసుకున్న రోడ్డు ఒకటుంది. ఒకవైపు ప్రహరీ గోడ, రెండోవైపు ఖనిజం గుట్టలు, నీడకు ఒక్క చెట్టు లేదు. లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు ఎర్రగా అయిపోయింది. మధ్యాహ్నం షిఫ్టు దిగాక పర్మినెంటు ఉద్యోగులను ఎక్కించుకుని ఆ రోడ్డు మీదుగా గాజువాక, అక్కణ్ణుంచి ఊళ్ళోకి తీసుకురావడం నా పని. కాంట్రాక్టు కూలీలకు బస్సు లేదు. మిల్లులో ఎర్రగా కాలిన కడ్డీల మీంచి రాలే ఇనుప పొట్టుని ఊడ్చి ఎత్తే ఆడవాళ్ళు అదే వేళకు పని దిగి, తలమీద తువ్వాలు వేసుకుని, హైవే మీద షేరాటోలు దొరికేదాకా నడిచేవారు. నేను హారన్ కొడితే గోడవైపు జరిగేవారు. నేను వెళ్ళిపోయేవాణ్ణి. ఇందులో నాకెప్పుడూ తప్పు తోచలేదు, ఒప్పూ తోచలేదు. గోడ ఎలాగో, వాళ్ళూ అలాగే ఆ రోడ్డులో ఒక భాగం.

ఆ సినిమాకి మేం కావాలని వెళ్ళలేదు. మే నెల. ఇంట్లో ఫ్యాను వేడిగాలిని అటూ ఇటూ తిప్పడం తప్ప చేసిందేమీ లేదు. మా ఆవిడ, "మావా, ఏసీ హాల్లో రెండు గంటలు కూకుందుము రా" అంది. పెద్ద హీరో సినిమాకి టిక్కెట్లు అయిపోయాయి. పక్క తెరలో ఏదో కొత్తవాళ్ళ సినిమా ఆడుతోంది. ఎవరూ లేరు. ఏసీ మాత్రం అదే ఏసీ కదా అని లోపలికి వెళ్ళాం.

అందులో ఒకతను రేవులో ఉప్పు బస్తాలు మోస్తాడు. అంతే కథ. పని అయ్యాక ఇంటికి నడుస్తాడు. ఆ నడక ఎంతసేపు చూపించారంటే, వెనక వరసలో ఎవరో లేచి వెళ్ళిపోయారు. అతని చేతిలో టిఫిను డబ్బా ఉంటుంది. పొద్దున తినడానికి కుదరక మిగిలిన అన్నం అందులో ఉంది. ఒక మలుపులో కూర్చుని మూత తీస్తాడు. అప్పుడు ఒక బస్సు వస్తుంది. దుమ్ము లేస్తుంది. బస్సు వెళ్ళిపోయాక అతను డబ్బాలోకి చూస్తాడు, బస్సు వైపు చూస్తాడు, మళ్ళీ డబ్బాలోకి చూస్తాడు. తిట్టడు. వేలితో పైపొర తీసి పక్కన పారేసి, కింది అన్నం తింటాడు.

ఆ బస్సు డ్రైవరు ముఖం చూపించలేదు. కిటికీ మీద ఆనించిన మోచేయి ఒక్కటి కనపడింది. నేనూ అలాగే ఆనిస్తాను. చొక్కా చెయ్యి పైకి మడుస్తాను, ఎండకు ఒక్క కుడిచెయ్యే నల్లబడిపోయి ఉంటుంది. ఇన్నేళ్ళలో వేల సార్లు ఒక బస్సు మనిషిని దాటిపోవడం చూశాను, కానీ లోపల కూర్చుని చూశాను. రోడ్డు మీద నిలబడి చూడటం అదే మొదటిసారి. లోపలికి దుమ్ము రాదు, అది వెనకాల లేస్తుంది. అద్దంలో కనపడుతుందంటారా, నేను అద్దంలో లారీలను చూసేవాణ్ణి.

ఆ తర్వాత సినిమా ఏమైందో సరిగ్గా గుర్తులేదు. కాళ్ళు కుదురుగా లేవు. మా ఆవిడ రెండుసార్లు నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. బయటికొచ్చాక సోడా తాగుతూ ఆవిడతో చెప్పాను, నేను రోజూ చేసేది అదే అని. ఇన్నాళ్ళూ కనపడలేదని. ఆవిడ సోడా సీసా కింద పెట్టి నా వైపు చూసింది.

"మా అమ్మ రేవు కాణ్ణుంచి పూర్ణా మార్కెట్టుకి సేపల తట్ట నెత్తిమీద ఎట్టుకుని నడిసేది. నీసు కంపొత్తాదని బస్సోడు ఎక్కనిచ్చీవోడు కాదు. మన పెళ్ళయినాక కూడా నడిసింది. నువ్వు లారీ తోలతా ఎదురొచ్చేవోడివి. అప్పుడు కనపడనేదా మావా? నీకు సినిమా వోళ్ళొచ్చి సూపించాలా?"

ఆవిడ కోపంగా అనలేదు. తిన్నది అరగలేదు అన్నంత మామూలుగా అంది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ మా అత్త నడక గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. తట్ట గుర్తొచ్చింది, చీరకట్టు గుర్తొచ్చింది. ముఖం మాత్రం ఇంట్లో చూసిన ముఖమే వచ్చింది, రోడ్డు మీది ముఖం రాలేదు.

మర్నాడు డ్యూటీలో నాకు మనసు నిలవలేదు. గేటు దాటగానే వాళ్ళు కనపడ్డారు. దుమ్ము లేవకుండా రెండో గేరులోనే పోనిచ్చాను. వెనకనుంచి అకౌంట్సు గుమాస్తా, "ఏమయ్యా, ఎడ్లబండి తోలుతున్నావా" అన్నాడు. నేను మెల్లగా వెళ్ళినందువల్ల జరిగిందేమిటంటే, ఆ ఆడవాళ్ళు నా హారన్ కోసం ఎదురుచూస్తూ గోడకు ఆనుకుని ఇంకాస్త ఎక్కువసేపు నిలబడ్డారు.

రెండు మూడు రోజులు అలా గడిచాక ఒక మధ్యాహ్నం బస్సు ఆపేశాను. సీట్లు సగం ఖాళీ. తలుపు తెరిచి, "ఎక్కండమ్మా, హైవే దగ్గర దింపుతాను" అన్నాను. సినిమాలో అయితే ఇక్కడ సంగీతం వచ్చేది. ఇక్కడ ఏమీ రాలేదు. ఎవరూ కదల్లేదు. ముందున్న ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, కాళ్ళకు మగవాళ్ళ పాత బూట్లు వేసుకుంది, నా వైపు కాకుండా బస్సు కిటికీల వైపు చూసి అంది:

"వద్దు బాబూ. మీకైతే మెమో వత్తాది. మాకు గేటు పాసు పోతాది. ఎల్లండి, మీ ఎనకాల లారీ ఆగిపోనాది."

నిజమే, వెనక లారీవాడు హారన్ మోగిస్తున్నాడు. తలుపు మూసుకుని వెళ్ళిపోయాను. అవమానం అనుకున్నాను మొదట. హైవే ఎక్కాక తెలిసింది, ఆవిడ లెక్క నాకంటే ముందే వేసుకుంది. నేను సినిమా చూసి వచ్చాను, ఆవిడ పని చేసి వచ్చింది.

ఇక అక్కణ్ణుంచి నేను బస్సులో వాళ్ళ బుర్ర తినడం మొదలుపెట్టాను. ఆ సినిమా చూడండని కనపడ్డవాడికల్లా చెప్పాను. డ్రైవరు సినిమా గురించి మాట్లాడితే ఎవరు వింటారు? ఇద్దరు ముగ్గురు మాత్రం వెళ్ళారు. మిల్లులో ఫిట్టరు ఒకతను నాకు బాగా చనువు, వరసేమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. మనిషి పెద్ద గొంతు, పెద్ద పొట్ట, బస్సులో ముందుసీటు అతనిది. సినిమా చూసొచ్చిన మర్నాడు ఎక్కుతూనే మొదలుపెట్టాడు.

"ఏటి బావా అది. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఆడు నడుత్తానే ఉన్నాడు. నాను పాప్‌కార్ను అయిపోయి ఇంకోటి తెచ్చుకున్నా, ఆడింకా నడుత్తన్నాడు."

బస్సంతా నవ్వారు. నేనూ నవ్వాను. అతను మాత్రం సీట్లో కూర్చున్నాక కాసేపటికి, ఎవరికీ వినపడకుండా, "ఆ అన్నం పైపొర తీసినాడు సూడు, అది బాగా తీసినాడు" అన్నాడు. అంతే. తర్వాత కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసరుతోనూ మాట్లాడాను. ఆయన మితభాషి, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ ఫైల్లోంచి తల ఎత్తకుండానే మాట్లాడేవారు. మధ్యాహ్నం ట్రిప్పులో సీట్లు ఖాళీగా పోతున్నాయి, హైవే దాకా ఆ ఆడవాళ్ళను ఎక్కించుకోవచ్చా సార్ అని అడిగాను.

"ఇన్సూరెన్సు ఎవరి మీద ఉందో తెలుసా?"

"తెలుసు సార్."

"మరి ఎందుకు అడుగుతున్నావు?"

నోరు జారి సినిమా సంగతి చెప్పేశాను. అప్పుడు తల ఎత్తారు. "నేనూ చూశాను," అన్నారు. "మా మిసెస్ ఏడ్చింది. నాకూ బాధ వేసింది. కానీ సినిమా వేరు, డ్యూటీ వేరు. వెళ్ళు." ఆ మాట నన్ను చాలా రోజులు తొలిచింది. చూడనివాడు చూడలేదనుకోవచ్చు. చూసి, బాధపడి, మళ్ళీ ఫైల్లోకి తల దించుకోవడం ఎలా కుదురుతుంది? రోజూ అదే రోడ్డులో బస్సు తోలుతూ నేనూ చేస్తున్నది అదేనని కూడా తోచేది. అది తోచినప్పుడల్లా ఇంట్లో మా ఆవిడ మీద చిరాకు పడేవాణ్ణి. ఆవిడ, "సినిమాకి తీసుకెల్లడం నాదే బుద్ది తక్కువ" అనేది.

తర్వాత ఆ రోజు వచ్చింది. రోహిణి కార్తె. స్టీరింగ్ పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంటోంది. గుట్టల దగ్గర మలుపు తిరిగేసరికి ఆడవాళ్ళు గోడ పక్కన గుంపుగా ఉన్నారు. నడవడం లేదు. ఒకావిడ కింద పడి ఉంది. ఆ మగవాళ్ళ బూట్లు చూసి గుర్తుపట్టాను.

ఆపాను. దిగాను. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మనల్ని చూడటం లేదు. వడదెబ్బ. మా లారీ రోజుల్లో ఒక క్లీనరు ఇలాగే పడిపోయి మళ్ళీ లేవలేదు. అప్పటికే ఫిట్టరు దిగి వచ్చి ఆవిడ చంకల కింద చేతులు పెట్టాడు.

"కాళ్ళట్టుకో బావా. సూత్తావేటి."

బస్సు మధ్యలో, నడిచే దారిలో పడుకోబెట్టాం. తోడుగా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. ఈసారి పాసు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫిట్టరు తన నీళ్ళ సీసా ఆవిడ తలమీద వంపేసి, బస్సులో వాళ్ళందరి సీసాలూ లాక్కున్నాడు. అకౌంట్సు గుమాస్తా మాత్రం, "వెనక్కి తిప్పి మన ఫస్ట్ ఎయిడ్‌కి తీసుకెళ్ళు, బయటికి ఎందుకు" అన్నాడు. ఆ రోడ్డులో బస్సు వెనక్కి తిప్పే చోటు లేదు. గేటు దగ్గర మళ్ళీ లోపలికి వెళ్ళాలంటే సెక్యూరిటీతో మాట్లాడాలి. ముందుకే పోనిచ్చాను.

ఆ రోజు నేను ఏ స్టాపులోనూ ఆగలేదు. గాజువాక జంక్షన్లో మామూలుగా దిగవలసినవాళ్ళు లేచి నిలబడ్డారు, తలుపు కొట్టారు. ఆస్పత్రి ఉన్న సందు బస్సు పట్టే సందు కాదు. అరటిపళ్ళ బండి ఒకవైపు, ఆటోలు ఒకవైపు. బస్సు దూరింది, ఇరుక్కుంది. జనం తిట్టారు. ఒక ఆటో అద్దం నా బంపరుకి తగిలి పగిలింది. ఫిట్టరు తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ ఆ పెద్ద గొంతుతో, "తియ్యండర్రా, మనిషి పోతాది" అని అరుస్తున్నాడు. చివరి మలుపు ఇక తిరగదని తెలిసిపోయింది. బస్సు అక్కడే ఆపేసి, ఆవిణ్ణి చేతుల మీద ఎత్తుకుని తీసుకెళ్ళాం. నేనూ ఫిట్టరూ కాకుండా ఇంకో ఇద్దరు మోశారు. వాళ్ళు ఎవరో కాదు, కాసేపటి ముందు స్టాపులో దింపమని తలుపు కొట్టినవాళ్ళు.

డాక్టరు లోపలికి తీసుకెళ్ళాడు. ఐసు ముక్కలు తెమ్మన్నారు. ఫిట్టరు ఎదురుగా ఉన్న కూల్‌డ్రింక్ కొట్లో ఐసు పెట్టె మొత్తం ఎత్తుకొచ్చేశాడు, కొట్టువాడు వెనకాల పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి ఆవిడ తన పేరు చెప్పగలిగింది. బతికింది.

ఈలోగా అకౌంట్సు గుమాస్తా కంపెనీకి ఫోను చేశాడు. అతని తప్పని కూడా అనను. పాపం, అతని కూతురికి ఆ రోజు ఎక్కడో ఇంటర్వ్యూ ఉందిట, తీసుకెళ్ళాల్సింది, ఆలస్యమైపోయింది. మర్నాడు నాకు మెమో వచ్చింది. అనుమతి లేనివాళ్ళను ఎక్కించాను, రూటు తప్పించాను, స్టాపుల్లో ఆపలేదు, కంపెనీ బస్సుతో పరుల వాహనానికి నష్టం చేశాను. చదువుతుంటే ఇవన్నీ చేసినవాడు ఎవడో దుర్మార్గుడు అనిపించింది. నేను ఇవన్నీ చేసిన మాట మాత్రం నిజం.

విచారణ ట్రాన్స్‌పోర్టు ఆఫీసరు గదిలోనే. సాక్షులుగా బస్సులో ఉన్నవాళ్ళను పిలిచారు. చాలామంది, మేం వెనక కూర్చున్నాం, సరిగ్గా చూడలేదు అన్నారు. ఫిట్టరు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బస్సాపమన్నది నాను సార్. ఆడు ఆపనన్నాడు. స్టీరింగట్టుకుంటానన్నాను. అప్పుడు ఆపినాడు. ఆస్పత్రికి పోనీమన్నదీ నానే."

పచ్చి అబద్ధం. నేను నోరు తెరవబోయాను. ఆఫీసరు చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. ఫిట్టరు వైపు తిరిగారు. "డ్రైవరు వద్దన్నాడా?" అని అడిగారు.

"మరేటి సార్. రూల్సొప్పుకోవన్నాడు. ఆడు రూల్సు మనిషి."

నవ్వొచ్చింది నాకు, ఆ గదిలో, ఉద్యోగం పోయేలా ఉన్న ఆ వేళ. ఆఫీసరు నవ్వలేదు. ఏదో రాసుకున్నారు. ఫలితం ఏమిటంటే, ఫిట్టరుకి హెచ్చరిక, నాకు హెచ్చరికతో పాటు స్టాఫ్ బస్సు మీంచి నీళ్ళ ట్యాంకరు మీదికి బదిలీ. బయటికొచ్చాక, "ఎందుకలా చెప్పావు బావా" అని అడిగాను. అతను ముఖం చిట్లించాడు. "నీకొక్కడికే ఏటి మెమో. నాను మొయ్యనేదా? నా నడుం ఇంకా నొప్పెడతంది." ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తనివ్వలేదు.

ట్యాంకరంటే కంపెనీ రోడ్డు మీద దుమ్ము అణచడానికి నీళ్ళు చల్లే బండి. శిక్ష అన్నారు గానీ ఆ పని నాకు నచ్చింది. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు సరిగ్గా రోడ్డు తడిపేవాణ్ణి. ఆడవాళ్ళు ట్యాంకరు వెనకాల, చల్లబడిన రోడ్డు మీద, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు. ఈసారి అద్దంలో వాళ్ళనే చూసేవాణ్ణి. నీళ్ళ బండి మనుషులను ఎక్కించుకోదు కాబట్టి ఎవరూ మెమో ఇవ్వలేదు.

వానలు మొదలయ్యాక, కూలీల కాంట్రాక్టు కొత్తగా ఇచ్చినప్పుడు, అందులో ఒక షరతు చేరిందని తెలిసింది. గేటు నుంచి గాజువాక దాకా కూలీలకు కాంట్రాక్టరే వ్యాను పెట్టాలి. ఆ షరతు రాసి పంపింది ట్రాన్స్‌పోర్టు విభాగమని ఫిట్టరు ఎక్కడో కూపీ లాగి చెప్పాడు. ఒకరోజు ట్యాంకరు డీజిలు సంతకానికి వెళ్ళినప్పుడు ఆఫీసరుని అడిగాను, ఆ సినిమా వల్లేనా సార్ అని. ఆయన ఫైల్లోంచి తల ఎత్తకుండానే, "ఏ సినిమా?" అన్నారు. సంతకం పెట్టి కాగితం ఇటు తోశారు. ఇప్పటికీ నాకు తెలియదు.

వ్యాను వచ్చిన మొదటిరోజు పెళ్ళివారి బస్సు చూడటానికి వెళ్ళినట్టు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పాత వ్యానే, ఒక తలుపు తాడుతో కట్టి ఉంది. అయినా సీట్లున్నాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. నేను బూట్ల కోసం చూస్తున్నాను. అందరూ ఎక్కేశారు. ఆవిడ లేదు. తోడుగా ఆస్పత్రికి వచ్చినావిడ కిటికీ దగ్గర కూర్చుంటే అడిగాను.

"అప్పకి ఆ రోజే పాసు తీసీసినారు కదా బాబూ. పడిపోయినోల్లని పన్లో ఎట్టుకోనన్నాడు సూపర్‌వైజరు. ఎలమంచిలి అవతల వోల్లూరెల్లిపోనాది. మీకు తెలీదా?"

తెలియదు. బతికింది కదా అని నేను అక్కడితో ఆపేశాను. ఆ వ్యాను నా వల్లే వస్తోందని రెండు రోజులుగా ఇంట్లో చెప్పుకుంటున్నాను కూడా. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను. ఆదివారం పొద్దున ఆవిడ చీర మార్చుకుని, "పద, ఎలమంచిలి పాసింజరు ఎల్లిపోతాది" అంది.

ఊళ్ళో కనుక్కుంటే, చేనులో కలుపు తీస్తోందన్నారు. గట్టు మీద నిలబడి పిలిచాను. కొడవలి పక్కన పెట్టి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. ఒళ్ళు తగ్గింది. కుశలం అడిగాను. మా ఆవిడ తను తెచ్చిన ఎండుచేపల పొట్లం ఆవిడ చేతికిచ్చింది. తీసుకుంది. వ్యాను వచ్చిందని చెప్పాను.

"ఇన్నాను. సీట్లున్నాయా, నిలబడతారా?"

"సీట్లే."

తలూపింది. తర్వాత నేను ఏదో ఓదార్పుగా అనబోయాను, ప్రాణం దక్కింది అదే చాలు అన్నట్టుగా. ఆవిడ మధ్యలోనే ఆపింది.

"సూడ్డానికొచ్చినారు, మంచిది. మళ్ళీ సూడ్డానికి రాకండి బాబూ. నా కూతురు గాజువాకలో కాలేజీలో సదువుతంది. ఇక్కడ పని పది రోజులుంటే ఇరవై రోజులుండదు. దాన్ని మానిపించీమంటన్నారు. నాకు పాసిప్పించండి. పని సెయ్యగల్ను."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని మా ఆవిడ అంది: "సినిమా సూడండని ఊరందరికీ సెప్పినావు. ఆవిడికేటి సేత్తావో సూత్తాను." కాళ్ళు మళ్ళీ ఆడటం మొదలుపెట్టాయి. ఈసారి ఆవిడ చెయ్యి వేసి ఆపలేదు.

కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఆఫీసు గాజువాకలో ఒక మేడమీద ఉండేది. నేనూ ఫిట్టరూ వెళ్ళాం. మాట కూడా పూర్తిగా విననివ్వలేదు. "ఆవిడ మళ్ళీ పడిపోతే మీరొచ్చి ఎత్తుతారా?" అన్నాడు. "ఎత్తుతాం, అలవాటే" అన్నాడు ఫిట్టరు. బయటికి పొమ్మన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఫిట్ సర్టిఫికెట్ కావాలన్నాడు. ఆవిణ్ణి రప్పించి పెద్దాసుపత్రిలో తీయించి ఇచ్చాం. పై ఆఫీసుకి పంపానన్నాడు. పై ఆఫీసు ఎక్కడంటే చెప్పలేదు. ఇక రోజూ డ్యూటీ దిగగానే వెళ్ళి అతని గుమ్మం ముందు బల్ల మీద కూర్చోవడం మా పని అయింది. ఫిట్టరు పక్కనుంచి బజ్జీలు తెప్పించుకుని, వచ్చేపోయే వాళ్ళందరికీ మేం ఎందుకు కూర్చున్నామో ఆ పెద్ద గొంతుతో మొదటినుంచి చెప్పేవాడు. నాకు సిగ్గేసేది. ఇలా ఎన్నాళ్ళు బావా అంటే, "ఇందులో ఫైటింగుండదు బావా. ఈడు మనల్ని సూసి ఇసిగిపోవాల, అంతే" అనేవాడు.

సినిమా చూసి మారిపోయానని చెప్పడం ఎంత తేలికో, ఆ బల్ల మీద కూర్చుంటే తెలిసింది. మారినట్టు అనిపించడానికి నాకు ఒక్క మధ్యాహ్నం పట్టింది. ఆ బల్ల మీద వానాకాలమంతా గడిచిపోయింది. కొన్ని రోజులు వెళ్ళబుద్ధి కాలేదు. జ్వరమని చెప్పి తప్పించుకుందామనుకున్న రోజులున్నాయి. ఫిట్టరు స్కూటరు మా ఇంటి ముందు ఆగి హారన్ కొట్టేది. మా ఆవిడ చొక్కా తెచ్చి చేతికిచ్చేది.

చివరికి సూపర్‌వైజరు విసిగిపోయాడు. ఒక సాయంత్రం గుమ్మంలోకి వచ్చి, "రేపట్నుంచి రమ్మనండి, మీరు మాత్రం రాకండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఫిట్టరు మిగిలిన బజ్జీ తినేసి, చేతులు తుడుచుకుని లేచాడు. మేం పెద్దగా సంతోషపడినట్టు కూడా గుర్తులేదు. బల్ల మీద కూర్చుని కూర్చుని ఇద్దరికీ నడుములు పట్టేశాయి.

ఆవిడ వచ్చిన రోజు పొద్దున ట్యాంకరు గేటు బయట పక్కగా ఆపి, స్టీరింగ్ ముందు కూర్చుని చూశాను. గాజువాక నుంచి వ్యాను వచ్చి ఆగింది. ఆడవాళ్ళు దిగుతున్నారు. ఆవిడ చివర్లో దిగింది, కొంగు నడుముకి బిగించుకుంది, గేటు దగ్గర పాసు చూపించింది. సెక్యూరిటీ అతను తిప్పి చూసి ఇచ్చేశాడు. నేను చెయ్యి ఎత్తబోయాను. ఆవిడ ఇటువైపు చూడలేదు. పక్కావిడతో ఏదో చెబుతూ గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకు చూడాలి? షిఫ్టుకి టైమైపోతోంది.